ఎవరి చేతి రొట్టె

అబద్ధమాడటానికి నోరు కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు. రెవరెండ్ హెప్సిబా ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని చేసింది అంతే.

"నువ్వే దీవించావా?" అని అడిగింది సంపూర్ణమ్మ, తెల్లటి మంగళగిరి చీర కొంగు తలమీదికి లాక్కుంటూ. గుండె నీరసించి మంచం పట్టిన మనిషి కళ్ళలో ఆ వెలుగు చూశాక 'కాదు' అనడం హెప్సిబా వల్ల కాలేదు. తల ఊపింది. రొట్టె ముక్క ద్రాక్షారసంలో ముంచి పెద్దమ్మ నాలుక మీద పెట్టింది. రోగి ఇంటికి బల్ల, అంటే ప్రభువు పేరిట దీవించిన రొట్టె, ద్రాక్షారసం, తీసుకెళ్తే సంఘపెద్ద ఒకరు తోడు వెళ్ళడం ఆ గుడి ఆనవాయితీ. తోడొచ్చిన డేనియల్ గారు అప్పుడే ఫోను మోగితే వాకిట్లోకి వెళ్ళాడు. లేకపోతే ఆ తల అంత తేలిగ్గా ఊగేది కాదు.

రొట్టె దీవించింది ఆమె కాదు. పక్క సంఘం నుంచి వచ్చిన పాస్టరు ఫిన్నీ అయ్యగారు.

సంపూర్ణమ్మ హెప్సిబా తల్లికి అక్క. పెళ్ళి చేసుకోకుండా మిషను వాళ్ళ దగ్గర బైబిలు స్త్రీగా చేరి, మైలవరం నుంచి బందరు దాకా ఎండల్లో నడిచి ఊరూరా వాక్యం చెప్పింది. తల్లి పోయాక హెప్సిబాని ఆమే పెంచింది. కాలువ గట్టు మీది ఈ గుడిలో బల్ల గిన్నెలు కడిగింది, గుడ్డలు ఉతికింది, రొట్టె కాల్చింది. ఆ రొట్టె దీవించి ఇచ్చే పని మాత్రం మగవాళ్ళది. పిల్ల పాస్టరు చదువు చదువుతానంటే బంధువులంతా నవ్వారు. "ఆడపిల్లకి గౌను వేస్తే అయ్యగారైపోద్దా?" అన్నారు. "మీ మగాళ్ళు వేసుకుంటే అవ్వలా?" అని నోరు మూయించింది పెద్దమ్మే.

చదువైతే అయింది గానీ, ఆ తర్వాత చాలా ఏళ్ళు హెప్సిబా చేసింది హాస్టలు వార్డెను పని. అన్నంలో పురుగులు, అమ్మాయిల జడలు, తాళంచెవులు. పాస్టరు చదువు చదివిన ఆడవాళ్ళని ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడు పెద్దలకి హాస్టలు గుర్తొస్తుంది. చివరికి పాస్టరుగా అభిషేకం జరిగిన రోజున పెద్దమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. అక్కడ్నుంచే కబురు చేసింది: "ఇక బల్ల తీసుకుంటే నీ చేత్తో దీవించిందే." అన్నట్టే అప్పట్నుంచి ఎవరి చేత్తోనూ తీసుకోలేదు.

తీరా సొంత గుడికే బదిలీ అయి వస్తే, సంఘ కార్యదర్శి డేనియల్ గారు కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు. "ప్రసంగం మీరు చేయండి అమ్మగారూ, దివ్యంగా ఉంటది. బల్ల దగ్గర మాత్రం పెద్దాళ్ళు నొచ్చుకుంటారండి. కొన్నాళ్ళు ఫిన్నీ అయ్యగారొచ్చి ఇస్తారు." ఆయన చెడ్డవాడేం కాదు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అనే రకం. ఎదురు చెబితే మళ్ళీ ఏ హాస్టలుకో పంపేస్తారని, పెద్దమ్మకి దూరమవుతానని హెప్సిబా సరేనంది. అలా సరేనన్నదాని ఫలితమే ఆ తల ఊపు.

పెద్దమ్మ ఊరుకునే మనిషా? పాలు పోసే ఆవిడకి, సూదిమందు ఇచ్చే నర్సుకి, గుణదల కొండకి పోతూ పలకరించడానికి ఆగిన పరిచయస్థులకి, అందరికీ అదే మాట. "మా హెప్సీ దీవించిన బల్ల తిన్నాను. ఇక నాకేం వద్దు." ఆ మాట విన్నప్పుడల్లా హెప్సిబా తేలు కుట్టిన దొంగలా పక్కగదిలోకి పోయేది.

మాట డేనియల్ గారి చెవిన పడనే పడింది. మర్నాడే వచ్చి వరండాలో నిలబడ్డాడు.

"అమ్మగారూ, మనం ఒకటనుకున్నాం గదండీ. మీరే దీవించారని పేటంతా చెప్పుకుంటున్నారు. నేను వాకిట్లో ఉండగా మీరు మళ్ళీ దీవించారా ఏంటి?"

అప్పుడైనా 'నా ఇష్టం' అనాల్సింది. ఊరుకున్నా సరిపోయేది. "అబ్బే, లేదండీ," అంది హెప్సిబా గబగబా. "అది ఫిన్నీ అయ్యగారు దీవించిందే. నేను తెచ్చి ఇచ్చానంతే. పెద్దావిడ కదా, ఏదో అనుకుంది."

డేనియల్ గారు తేలికపడి వెళ్ళాడు. హెప్సిబా వెనక్కి తిరిగి చూస్తే వరండా కిటికీ బార్లా తెరిచి ఉంది. కిటికీ అవతలే మంచం. పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ఆ రోజు నుంచి పెద్దమ్మ తిట్టలేదు, ఏడవలేదు, మాట్లాడలేదు. గంజి తాగించినా తల పక్కకి తిప్పుకుని తాగేది. ఒక మాటన్నా బాగుండేదని హెప్సిబా కుమిలిపోయింది. 'ఏదో అనుకుంది' అన్నాను. మతిలేని ముసలిదాన్ని చేశాను. ఆదివారం పుల్‌పిట్ ఎక్కి సత్యం గురించి చెబుతుంటే తన గొంతు తనకే రోతగా వినిపించింది. ఇంతలో డాక్టరు కూడా చెప్పేశాడు, ఇక ఇంట్లోనే చూసుకోండి అని.

మళ్ళీ బల్ల ఆదివారం వచ్చింది. ముందురోజే హెప్సిబా ఫిన్నీ అయ్యగారికి ఫోన్ చేసి రావద్దంది. పొద్దున తనే బల్ల వెనక నిలబడింది. రొట్టె ఎత్తగానే ముందు వరసలో కుర్చీలు కదిలాయి. కొందరు లేచి బయటికి నడిచారు, వాళ్ళలో డేనియల్ గారు ఒకడు. ఆయన భార్య లేవలేదు. ఆవిడే మొదట వచ్చి మోకరించింది. ఆమె వెనక పేట ఆడవాళ్ళు బారులు తీరారు. హెప్సిబా అందరికీ ఇచ్చింది. తను మాత్రం తీసుకోలేదు. ఎవరినైనా నొప్పించి, వాళ్ళతో సమాధానపడకుండా బల్ల ముట్టకూడదని చిన్నప్పుడు నేర్పింది పెద్దమ్మే.

మిగిలిన రొట్టె ముక్క పట్టుకుని గౌనుతోనే ఇంటికొచ్చింది. ఈసారి సంఘపెద్దలెవరూ తోడు రాలేదు.

"పెద్దమ్మా, ఇది నేను దీవించింది. అందరి ముందూ," అంది మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి.

సంపూర్ణమ్మ ఆ ముక్క వంక చూసింది. ఇన్నాళ్ళకి నోరు విప్పింది.

"నువ్వు తీసుకున్నావా?"

"లేదు."

"ఏం?"

"నీకు అబద్ధం చెప్పాను. ఆయన అడిగితే నిన్ను తక్కువ చేసి మాట్లాడాను. నువ్వు విన్నావు. నేనెట్టా ముట్టుకోను పెద్దమ్మా?"

"విన్నాలే," అంది పెద్దమ్మ. "అబద్ధం చెప్పావని కాదే నా బాధ. నువ్వూ భయపడ్డావే అని."

మంచంలోంచి చెయ్యి చాపింది. "తే ఇట్టా."

హెప్సిబా రొట్టె ఆ చేతిలో పెట్టింది. సంపూర్ణమ్మ ముక్కని రెండుగా విరిచింది. గిన్నెలు కడుగుతూ జీవితమంతా వెనక నిలబడి విన్న, బల్ల ఇచ్చేప్పటి మాటలు, ఒక్కటి కూడా తడబడకుండా నెమ్మదిగా పలికింది. ఒక ముక్క తన నోట్లో వేసుకుంది. రెండోది హెప్సిబా పెదవుల దగ్గరికి తెచ్చింది.

అభిషేకం లేని మనిషి బల్ల ఇవ్వకూడదు. ఆ నియమం హెప్సిబాకి కంఠతా వచ్చు. ఇన్నేళ్ళూ తన చేతుల్ని ఒప్పుకోలేదని ఏడ్చింది గానీ, రొట్టె కాల్చిన ఈ చేతుల సంగతి ఒక్కనాడైనా అడగాలని తనకి తోచలేదు. ఆ సిగ్గుతో కన్నీళ్ళు ముఖమంతా తడిపేస్తుండగా ఆమె నోరు తెరిచింది.

"ఏడుస్తా మింగమాకే," అంది పెద్దమ్మ. "పొలమారుద్ది."