బట్టతల దగ్గర ఎడమకి

కత్తెరాయనకి అసలు పేరు ఒకటి ఉండేది గానీ, దాన్ని ఎవరూ వాడకపోవడంతో తుప్పు పట్టిపోయింది. ఇరవై ఆరేళ్ళు ఒకే సెలూనులో ఒకే కుర్చీ వెనక నిలబడి జుట్టు కోశాడు. చేతులు జుట్టు కోస్తుంటే నోరు కోతలు కోసేది. జుట్టు పెరగకపోయినా ఆయన మాటల కోసం వచ్చి కూర్చునేవాళ్ళు, ఊరికే లేచిపోతే బాగుండదని మెడ మీద ఓ గీత గీయించుకుని పోయేవాళ్ళు.

అలాంటి మనిషి దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చిపడ్డాడు. తన పని మీద కాదు, భార్య పని మీద. ఆవిడ బస్సు డ్రైవరు. ఇక్కడి డిపోలో పెద్ద బస్సులు నడిపేవాళ్ళు కావాలని తెలిసి "పోదామా?" అంది. "పోదాం పద" అన్నాడు ఈయన తమాషాకి. ఆవిడ తమాషాగా తీసుకోలేదు. నెల తిరక్కముందే సామాను లారీ ఎక్కింది, మొగుడూ పెళ్ళాం రైలెక్కారు.

కొత్త ఇల్లు రెండో అంతస్తులో రెండు గదులు. వంటగదిలో ఒకరు గరిటె తిప్పితే రెండోవాళ్ళు మోచేతులు ముడుచుకోవాలి. కుళాయి తిప్పగానే ముందు దగ్గుతుంది, తర్వాత తుమ్ముతుంది, ఆ తర్వాత దయ కలిగితే నీళ్ళిస్తుంది. ఆవిడకి మాత్రం ఆ గాలీ వెలుతురూ మొదటి రోజే నచ్చాయి. ఈయనకీ నచ్చాయి గానీ, అంత తొందరగా ఒప్పుకుంటే పరువేం కావాలి? అందుకని మొహం ముడుచుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

కూర్చోడానికి ఇంకో కారణం కూడా ఉంది. బయల్దేరేముందు, ఆ సెలూను నడిపే బావమరిదిని పక్కకి పిలిచి, "నెల రోజులు నా కుర్చీ వెనక ఎవర్నీ నిలబెట్టకురా. ముందు మీ అక్క సంగతి తేలనీ" అని చెవిలో వేసి వచ్చాడు.

తేలాల్సిన సంగతి ఇదీ. కొత్త డ్రైవరు రెండు వారాల్లో ఏడో నంబరు బస్సుని మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా నడిపి చూపించాలి. ఆ రోజు దారి ఎవర్నీ అడక్కూడదు, ఎవరూ చెప్పకూడదు. మొత్తం ముప్ఫై ఒక్క మలుపులు. ఒక్కటి తప్పినా ఉద్యోగం లేదు. మూటాముల్లె సర్దుకుని వచ్చిన దారినే వెళ్ళిపోవాలి.

కిటికీ దగ్గర గోళ్ళు గిల్లుకుంటున్న మొగుణ్ణి మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఆవిడ అంది: "ఏమయ్యా, ఖాళీగానే ఉన్నావుగా. ఆ ఏడో నంబరు దారంతా నడిచి మలుపులు చూసి రారాదూ? సాయంత్రం నాకు పాఠం చెప్దువు గాని."

పాఠం అనేసరికి కత్తెరాయనకి ప్రాణం లేచొచ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే చెప్పులేసుకుని పోవడం, కాళ్ళు పీకేదాకా తిరగడం, సాయంత్రం పంతులుగారి ఫోజు పెట్టి కూర్చోవడం. అయితే ఇరవై ఆరేళ్ళు సెలూనులో ఉన్నవాడి కంటికి బోర్డులు కనిపిస్తాయా, భవనాలు కనిపిస్తాయా? తలలు కనిపిస్తాయి.

"విను. రెండో స్టాపు దాటాక మందుల షాపు అరుగు మీద ఒకాయన నిలబడి ఉంటాడు. నెత్తి మీద అచ్చం పిచ్చుక గూడు. మొన్న నిజం పిచ్చుకే మోసపోయి గుడ్డు పెట్టేసిందట. అది పిల్ల అయ్యేదాకా ఆయన తలస్నానం మానేశాడు. అక్కడ కుడి."

"కుడి" అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

"తిన్నగా పో. టైర్ల షాపు పక్క సందు ముందు అన్నదమ్ములిద్దరు అటొకడు ఇటొకడు కూర్చునుంటారు. ఒకడి పాపిడి కుడికి, ఒకడిది ఎడమకి. చిన్నప్పుడు దువ్వెన కోసం కొట్టుకుని ఇప్పటికీ మాటల్లేవు. వాళ్ళ మధ్య నుంచి ఆ సందులోకి తిప్పు."

"ఇవన్నీ నీకు ఎవరు చెప్పారయ్యా?"

"తల చూస్తే తెలీదూ? ఇక పదిహేడో మలుపు. అదే అసలు గండం. నాలుగు రోడ్లూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉంటాయి, ఎటు పోవాలో బ్రహ్మకి కూడా తెలీదు. కానీ మేడమీద వరండాలో ఒక బట్టతలాయన పేపరు చదువుతుంటాడు. మామూలు బట్టతల కాదే అది! పొద్దున ఎండ పడితే ఎదురింటావిడ దాంట్లో చూసుకుని జడేసుకుంటుంది. ఈగ వాలితే జారిపడి కాలు విరుగుతుంది. ఆ బట్టతల దగ్గర ఎడమకి. రాసుకో."

"రాసుకున్నాలే" అని ఆవిడ అన్నం కలుపుకునేది.

ఇలా వారం గడిచింది. పరీక్ష రోజు తెల్లారగానే వాన. ఆషామాషీ వాన కాదు, చినుక్కీ చినుక్కీ మధ్య వేలు పెట్టే సందు లేదు.

"నువ్వు బస్సు ఛాయలకి కూడా రావద్దు. పక్కన మాటసాయం ఉందని తెలిస్తే నా పని గోవిందా" అని చెప్పి ఆవిడ డిపోకి వెళ్ళింది.

"సరే" అన్నాడు కత్తెరాయన. సరే అనడం ఆయనకి తుమ్ములాంటిది, దాని వెనక ఆలోచనేమీ ఉండదు. మూడో స్టాపులో మొహానికి గొడుగు అడ్డం పెట్టుకుని ఎక్కి, వెనక సీట్లో నక్కి కూర్చున్నాడు. ముందు, డ్రైవరు వెనక సీట్లో, డిపో పెద్దాయన నోటు పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉన్నాడు.

బస్సు టైర్ల షాపు వైపు వచ్చింది. కత్తెరాయన అద్దం తుడిచి చూశాడు. సందు ముందు అన్నదమ్ముల్లేరు, రెండు నల్ల గొడుగులున్నాయి. ఆ పక్కన ఇంకో పాతిక గొడుగులు. ఊరు ఊరంతా తలలు మూసేసుకుంది!

ఆయన గుండె జారి చెప్పుల్లో పడింది. 'ఓరి నా మతి మండా! దానికి నేను దారి నేర్పలేదు, తలలు నేర్పాను. నాలుగు చినుకులు పడితే తలలు దాక్కుంటాయని తట్టలేదే!'

ఆ సందులోకి బస్సు సరిగ్గానే తిరిగింది. ఏదో అదృష్టం అనుకున్నాడు. ఆ తర్వాత మలుపులూ సరిగ్గానే వచ్చాయి. కానీ అదృష్టం ఎన్ని మలుపులు తిరుగుతుంది? పదిహేడోది దగ్గరపడింది. మేడమీద వరండా ఖాళీ. తడిసిన కుర్చీ ఒక్కటే ఉంది.

ఇక్కడ తప్పితే వెనక్కే. వెనక్కంటే పాత ఊరు, పాత సెలూను, తన కుర్చీ. వారం కిందటైతే ఈ మాటకి లోపల్లోపల గంతులేసేవాడు. ఇప్పుడు మనసుని కదిపి చూస్తే అది కదల్లేదు. 'ఇంకా పిచ్చుక గూడాయన్ని ఒక్కసారైనా కుర్చీలో కూర్చోబెట్టలేదు. వెళ్ళిపోవడమేంటి?' అని ఎదురు తిరిగింది. ముందు చూస్తే యూనిఫాం వేసుకున్న భార్య వీపు. బస్సు తన పుట్టింటివాళ్ళు రాసిచ్చినట్టు అంత నిబ్బరంగా కూర్చునుంది.

ఇక ఆగలేకపోయాడు. లేచి నిలబడి, బస్సు పైకప్పు లేచిపోయేలా అరిచాడు: "ఎడమకి! ఎడమకి తిప్పవే!"

అప్పటికే బస్సు ఎడమకి వాలింది. ఆ ఊపుకి కత్తెరాయన వెళ్ళి ఒక పెద్దావిడ కూరగాయల సంచీలో కూలబడ్డాడు.

డిపో పెద్దాయన వెనక్కి తిరిగాడు. "ఎవరమ్మా ఆయన? మీకు తెలిసినవాడా?"

డ్రైవరమ్మ అద్దంలో ఒకసారి చూసింది. పాతికేళ్ళ కాపురం. "ఎవరోనండీ, నేనెరగను" అంది, గేరు మారుస్తూ.

"పాపం, మనిషి బాగానే ఉన్నాడు, బుర్రే..." అని కూరగాయలావిడ వంకాయలు ఏరుకుంది.

"తర్వాతి స్టాపులో దించేయండి" అన్నాడు పెద్దాయన.

దించేశారు. గొడుగు బస్సులోనే ఉండిపోయింది. వానలో తడుస్తూ, ఎవర్నీ దారి అడక్కుండా ఇంటికొచ్చాడు. తన అరుపు ఆవిడ ఉద్యోగం మింగేసిందేమోనని కాలుగాలిన పిల్లిలా రెండు గదుల్లో తిరిగాడు. తల తుడుచుకుంటూ బావమరిదికి ఫోను చేసి, "ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చుకోరా" అన్నాడు.

"అక్క పాసయిందా బావా?"

"తెలీదు. అవకపోతే ఇక్కడే ఇంకేదైనా నడుపుతుంది. లారీ, రోడ్డు రోలరు, ఏదో ఒకటి."

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలో గొడుగు. "ఎవరో బస్సులో మర్చిపోయారు. నీదేనా?"

"ఎవరిదో, నేనెరగను" అన్నాడు ఈయన, మూతి తిప్పుకుని. అంతలోనే ఉండబట్టలేక, "ఏమైందే? చెప్పి చావు!"

ఆవిడ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, నింపాదిగా కూర్చుంది. "రేపటి నుంచి ఏడో నంబరు నాదే."

"మరి నేను అరిచిందీ?"

"నువ్వు అరిచేసరికే నేను తిప్పేశానుగా. ఆయన కళ్ళారా చూశాడు. దిగేటప్పుడు మాత్రం, 'మీవారి గొంతు గట్టిదమ్మా' అన్నాడు."

"నువ్వెరగనన్నావుగా!"

"అన్నాను. నమ్మానని ఆయనన్నాడా? బస్సులో డ్రైవర్ని పట్టుకుని 'తిప్పవే' అనేవాడు మొగుడు కాక ఇంకెవడవుతాడయ్యా?"

కత్తెరాయన బుర్ర గోక్కున్నాడు. "అది సరే. తలలేవీ కనిపించలేదుగా. ఎలా తిప్పావే?"

"తలలు చూసి నేనెప్పుడు నడిపాను? ఆ మలుపు ముందు గొట్టం వేసి పూడ్చిన చోట రోడ్డు కుంగింది. అది నడుముకి తగలగానే రెండో గేరు, ఎడమకి. నాకు సీటే చెప్తుంది. మొదటి మూడు రోజులూ పాత డ్రైవరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. అది చాలు."

"మరి వారం రోజులు నా కాళ్ళెందుకు అరగదీశావే?"

"మొహం వేలాడేసుకుని కిటికీలో కూర్చున్నావుగా. చూళ్ళేకపోయాను." ఆవిడ నవ్వింది. "ఇంకోటి కూడా అడిగాడు డిపో పెద్దాయన, ఆ గొంతున్నాయన ఏం పనిచేస్తాడని. అక్కడ నూట నలభై మంది డ్రైవర్లున్నారయ్యా. ఒక్కడి జుట్టూ చూసేలా లేదు. మెకానిక్కులైతే ఇక చెప్పక్కర్లేదు."

కత్తెరాయన వీపు తనంతట తనే నిటారుగా అయింది. "నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్తాను? ఎరగనన్నాక ఎలా చెప్పను?" అంటూ ఆవిడ వంటగదిలోకి నడిచింది. "రేపు నువ్వే వచ్చి చెప్పుకో. బస్సు ఏడున్నరకి."