భుజం తట్టే చెయ్యి

పోలీసు స్టేషన్లో రైటరు మూడోరోజు కూడా కలం మూత తీయలేదు.

"కన్నతల్లివి, నువ్వు సెప్తే సాలదమ్మే. ఆ మూగబిడ్డ సైగలు తెలిసిన బయటి మనిషిని పిల్చుకోని రా. అప్పుడు రాస్తా."

రుక్మిణమ్మ కూతురి వైపు చూసింది. నిర్మలమ్మ మణికట్టు మీద వేళ్ళ అచ్చులు ఇంకా నల్లగానే ఉన్నాయి. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏడేళ్ళుగా కాయలు కోస్తోంది. పుట్టుచెవుడు. విజిల్ వినబడదు గనక మేస్త్రీ ధనంజయ భుజం తట్టి పని మొదలెట్టించేవాడు, తట్టి ఆపించేవాడు. ఆ చెయ్యి అందరి కళ్ళకీ అలవాటైపోయింది. శనివారం మధ్యాహ్నం అదే చెయ్యి తట్టి పిలిచి, డబ్బాల గదిలోకి తోసి గడియ పెట్టింది. తలుపు బాది తీయించి, పిల్లను ఇల్లు చేర్చింది పక్కబల్ల శకుంతలమ్మ. తల్లి తర్వాత ఆ సైగలు తెలిసింది ఆమె ఒక్కతే.

రుక్మిణమ్మ ఆమె పేరు చెప్పేలోపే, ధనంజయ శకుంతలమ్మను వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఈయమ్మకి దాని బాస తెలుసు సార్, అడగండి. ఏడేండ్లుగా తడతా ఉండాను. తట్టొద్దంటే ఇంక దాని సెవులో కొమ్మూదాల్నా?"

కానిస్టేబులు నవ్వాడు.

శకుంతలమ్మను చూడగానే నిర్మలమ్మకు ప్రాణం లేచొచ్చింది. రెండు వేళ్ళు పెదవులకు ఆనించింది. విజిల్ ఊదే మేస్త్రీకి ఆమె పెట్టుకున్న పేరది. తర్వాత భుజం, తలుపు, మణికట్టు, నోరు నొక్కిన అరచెయ్యి.

"ఏమంటాది?" అన్నాడు రైటరు.

శకుంతలమ్మ నేలచూపులు చూసింది. "పనికి రమ్మని తట్టినాడంట. బెదురుకున్నాదంట. అంతే సామీ."

"శకుంతలా! నీకూ ఆడబిడ్డలుండారు కదమ్మే!" అంది రుక్మిణమ్మ.

"వాళ్ళూ ఆడనే పన్జేస్తా ఉండారక్కా," అంది శకుంతలమ్మ గొణిగినట్టు.

ఇప్పుడు రైటరు కలం తెరిచాడు. మూడే వాక్యాలు రాసి, సిరాదిమ్మె ముందుకు జరిపాడు.

అంతసేపు తను చెప్పింది ఇంత చిన్నగా ఎట్లా అయిందో నిర్మలమ్మకు తోచలేదు. తల్లిని చూసింది. రుక్మిణమ్మ సైగలతో, శకుంతలమ్మ అన్నదంతా చెప్పింది.

కానిస్టేబులు వేలిముద్ర కోసం ఎడమచెయ్యి పట్టుకున్నాడు. నిర్మలమ్మ బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. కుడిచేత్తో శకుంతలమ్మను ఒక్కటే అడిగింది: నువ్వు చూశావు కదా?

పైటకొంగు మాటున శకుంతలమ్మ వేళ్ళు కదిలాయి. చూశాను.

"సార్! శకుంతల సూసినానని సెప్తా ఉండాది సార్, ఆ సేతులు సూడండి!" అని అరిచింది రుక్మిణమ్మ.

రైటరు తలెత్తలేదు. "తల్లి మాట సెల్లదని సెప్పినా కదా. ఒరే, ఆ పిడికిలి ఇప్పు."

కానిస్టేబులు రెండు చేతులా లాగుతున్నాడు. పిడికిలి విడలేదు.