ఫేబీ ఒంటె వేషం

ముత్తుకూరులో అబిగయీలు చేత ఒక్క జాకెట్టయినా కుట్టించుకోని ఆడవాళ్ళు తక్కువ. పెళ్ళిళ్ళ కాలంలో ఆమె మిషను చప్పుడు కాసేపు ఆగిందంటే, పక్కింటి ప్రమీలమ్మ కరెంటు పోయిందేమోనని ఫ్యాను వైపు చూసేది. అలాంటి మనిషి డిసెంబరు రాగానే బయటి బట్టలన్నీ పక్కకు నెట్టి, ఒక తెల్లగౌను ముందేసుకుని కూర్చుంది.

గౌను కూతురు ఫేబీకి. పిల్లకు ఐదేళ్ళు నిండాయి. ఈసారి సండేస్కూలు వాళ్ళ క్రిస్మస్ నాటకంలో మొదటిసారి స్టేజీ ఎక్కబోతోంది. దేవదూతల్లో ఒకతిగా ఉంటుందని అబిగయీలుకు ఎవరూ చెప్పలేదు. తనకు తానే ఖాయం చేసుకుంది. కుచ్చులు పెట్టింది, అంచుకు వెండి లేసు తిప్పింది, వీపు మీద రెక్కలకు వలగుడ్డ కూడా కత్తిరించి ఉంచింది.

ఆదివారం మధ్యాహ్నం ఫేబీ అవ్వ చెయ్యి పట్టుకుని సండేస్కూలు నుంచి వచ్చింది. చెప్పులు విడిచి, నేరుగా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, నేను ఒంటె."

అబిగయీలుకు అర్థం కాలేదు. అవ్వ ఎలిశబెతు, అంటే అబిగయీలు అత్తగారు, నవ్వుకుంటూ వివరం చెప్పింది. తూర్పు దేశపు జ్ఞానుల వెంట ఒక ఒంటె ఉండాలట, ఆ వేషం మన పిల్లదట. వేషం ఇంట్లోనే తయారు చేసి పంపమని పుష్పకుమారి టీచరు చెప్పిందట.

అబిగయీలు గౌను మడిచి పెట్టెలో పెట్టింది. అన్నం వడ్డించింది, తానూ తినింది. ఆమె మనసులో ఉన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు కోవూరులో వాళ్ళ సంఘంలోనూ ఏటేటా ఇదే నాటకం వేసేవాళ్ళు. దేవదూతల పాట మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా పాడేది అబిగయీలే. అయినా ప్రతి ఏడూ తలకు తువ్వాలు చుట్టి గొర్రెల కాపరుల వెనక నిలబెట్టేవాళ్ళు. ఒకసారి ఎవరో పెద్దామె, దేవదూతంటే కాస్త తెల్లగా ఉండొద్దా అమ్మా అని మామూలుగానే అనేసి, ఆ తర్వాత ఆమెకు బన్ను కూడా ఇచ్చింది. ఆ బన్ను రుచి అబిగయీలుకు గుర్తు లేదు. ఆ మాట మాత్రం పోలేదు. ఫేబీది అచ్చం తల్లి రంగు.

సాయంత్రం భర్త టైటస్ పోర్టు నుంచి వచ్చినాక సంగతి విన్నాడు. అతను అక్కడ క్రేను నడుపుతాడు. ఒంటె అనగానే మొహం వెలిగిపోయింది. అంతంత బరువులు ఎత్తి ఓడల్లో పెట్టేవాడికి ఒక ఒంటెను నిలబెట్టడం లెక్కా అన్నాడు. అబిగయీలు, దాన్నెందుకు ఒంటెను చేశారో అడగరా అంది. టైటస్ దానికేముంది, ఎవరో ఒకరు ఒంటె కావాలి కదా అన్నాడు. ఆ వేషం సంగతి తండ్రీ కూతుళ్ళే చూసుకోండని అబిగయీలు తన పనిలోకి తాను పోయింది.

ప్రమీలమ్మ ఇంటికి ఆ వారమే కొత్త ఫ్రిజ్ వచ్చింది. దాని అట్టపెట్టెను టైటస్ గోడ మీదుగా అందుకున్నాడు. షిఫ్టు అయిపోగానే స్నానం చేసి వరండాలో కూర్చునేవాడు. తండ్రి గీతలు గీస్తుంటే కూతురు అట్టను కదలకుండా పట్టుకునేది. మధ్యలో ఫోనులో ఒంటెల వీడియోలు చూసేవాళ్ళు. ఒంటె కూర్చునేటప్పుడు ముందు కాళ్ళే ముందు మడుస్తుందని ఫేబీ కనిపెట్టి, చేతులే ముందు కాళ్ళనుకుని అన్నం తినడానికి కూడా అట్లాగే కూర్చోవడం మొదలుపెట్టింది. లేచేటప్పుడు రెండుసార్లు పప్పుగిన్నె తన్నేసింది.

అట్టలు అతికించడానికి టైటస్ మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేశాడు. కొంత అట్టకు అంటింది, చాలావరకు ఫేబీ జుట్టుకు అంటింది. రంగు కోసం టీపొడి నల్లగా మరిగించి పూశారు. ఇల్లంతా టీకొట్టు వాసన. ఎలిశబెతు అవ్వ కొబ్బరిపీచు నానబెట్టి, చివర కుచ్చు వచ్చేట్టు తోక అల్లింది. మూడో రోజుకు ఒక ఆకారం తయారైంది. పిల్ల మధ్యలో దూరి, తాళ్ళు భుజాలకు తగిలించుకుని నడవాలి.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిరిగి చూసి, దూడలాగా బాగుందిరా అంది. ప్రమీలమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, కుక్కను కూడా పెట్టారా నాటకంలో అని అడిగింది. టైటస్ మొహం చిన్నబోయింది. ఫేబీకి మాత్రం ఎవరేమన్నా సంతోషమే. మిషను దగ్గర కూర్చున్న అబిగయీలుకు నవ్వొచ్చింది గానీ, నవ్వితే వాళ్ళ పక్షం చేరినట్టవుతుందని తల వంచుకుని కుట్టుకుంది. ఒంటె మెడ తప్పుగా ఉందని ఆమెకు మొదటి రోజే కనిపించింది. చెప్పలేదు.

నాటకం ఆదివారం సాయంత్రం. శనివారం మధ్యాహ్నం టైటస్ ఇంకో పూత టీరంగు వేసి, ఆరడానికి ఒంటెను మిద్దె మీద పెట్టి, ఫేబీని పక్కలో వేసుకుని నిద్రపోయాడు. అబిగయీలు పుష్పకుమారి జాకెట్లు రెండు సంచిలో పెట్టుకుని బయలుదేరింది. జాకెట్లు ఇచ్చి రావడం ఒక వంక. ఆమె మనసులో మాట వేరే ఉంది.

పుష్పకుమారి వరండాలో కూర్చుని అట్టకిరీటాలకు బంగారు కాగితం అంటిస్తోంది. అబిగయీలును చూసి కుర్చీ వేసింది. జాకెట్లు బాగున్నాయంది. అబిగయీలు కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అడిగేసింది.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మా పిల్లను దేవదూతగా ఎందుకు వద్దనుకున్నారు?"

పుష్పకుమారి చేతిలో కాగితం అట్లాగే ఉండిపోయింది.

"నేనెందుకు వద్దనుకుంటా? మొదట దూత వేషం ఇచ్చింది దానికే. మరియమ్మతో మాట్లాడే దూత. మాటలు కూడా నేర్పించినా, చక్కగా చెప్పింది. మళ్ళీ ఏమనుకుందో ఏమో, టీచర్, దూత ఎంతసేపు ఉంటుంది అని అడిగింది. మాట చెప్పి వెళ్ళిపోతుంది అన్నా. మరి తొట్టిలో ఉన్న పాప దగ్గర చివరిదాకా ఉండేది ఎవరు అంది. ఒంటె ఉంటుందిలే అన్నా నవ్వులాటకి. అంతే, నేను ఒంటె అని పట్టుకుని కూర్చుంది. నీకు చెప్పలేదా?"

అబిగయీలు చెప్పలేదంది. నిజానికి ఫేబీని ఆమె అడగనే లేదు. ఒంటె అని వినగానే మొహం అటు తిప్పుకుంది. పిల్ల ఆ తర్వాత రెండు మూడుసార్లు ఏదో చెప్పబోతే, పని ఉంది పొమ్మంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. పుష్పకుమారికి ఆమె ఎందుకు అడిగిందో అప్పటికి అర్థమైనట్టుంది. లోపలికి పోయి కాఫీ తెచ్చిచ్చి, పక్కనే కూర్చుంది. ఇద్దరూ కలిసి మిగిలిన కిరీటాలు అంటించారు.

అబిగయీలు తిరిగొస్తుంటే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. బజారు దాటేలోగా చినుకులు మొదలయ్యాయి. ఇంటికి చేరేసరికి వాన జోరందుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, మిద్దె మీద ఒంటె.

మెట్లెక్కి పరిగెత్తింది గానీ అప్పటికే ఆలస్యమైంది. మైదా జిగురు విడిపోయి మూపురం ఒక పక్కకు జారింది. తల నేల మీద పడి ఉంది. టీరంగు నీళ్ళు తూములోంచి వీధిలోకి కారుతున్నాయి. వెనకే టైటస్ నిద్రమొహంతో వచ్చాడు, అతని వెనక ఫేబీ. పిల్ల వానలోనే ఒంటె తల దగ్గర చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది. కొత్తది చేద్దామని టైటస్ ఎంత చెప్పినా ఊరుకోలేదు. వేషం పోయిందని కాదట దాని ఏడుపు. ఒంటె తడిసిపోయిందని, దానికి జలుబు చేస్తుందని.

అబిగయీలు కూతుర్ని చంకనెత్తుకుని కిందికి తెచ్చింది. తల తుడిచింది. పొడిగౌను తొడిగింది. మిషను పక్కన ముక్కల మూట విప్పి నేల మీద పరిచి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఒంటె ఏ రంగులో ఉంటుందో నువ్వే ఏరి ఇవ్వు."

ఫేబీ ముక్కు ఎగబీలుస్తూ వెతికింది. ఎవరి జాకెట్లకో వేయగా మిగిలిన గోధుమరంగు లైనింగు గుడ్డ, దాని పక్కనే ఇంకాస్త ముదురుది తీసి ఇచ్చింది. సరిపోదని అబిగయీలు తన పాత లంగా ఒకటి చింపింది. ఎలిశబెతు అవ్వ తన తలగడ విప్పి బూరుగుదూది బయటికి తీసింది. ఈ వయసులో దిండు లేకుండా పడుకుంటేనే మెడకు మంచిదని డాక్టరు చెప్పాడంది. అట్లా చెప్పిన డాక్టరు ఎవరో టైటస్‌కు తెలియదు, అడగలేదు కూడా. అతనికి మూపురంలో దూది కూరే పని అప్పగించారు. ఇల్లంతా దూది ఎగిరి, నలుగురికీ ఒకటే తుమ్ములు.

తలకు టోపీలాగా తొడుక్కునేట్టు, ముందుకు మూతి వచ్చేట్టు కుట్టింది అబిగయీలు. మెడ సన్నగా, కొంచెం వంపుగా తీసింది. ఫేబీ వీడియోలో చూసింది చూసినట్టు చెబుతూ పోయింది. కింది పెదవి వేలాడాలి. కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా ఉండాలి. అబిగయీలు నల్లదారం కుచ్చులుగా కత్తిరించి కళ్ళ మీద కుట్టింది. పని మధ్యలో, దారం పళ్ళతో తెంపుతూ, దూత వేషం ఎందుకు వద్దన్నావమ్మా అని మెల్లగా అడిగింది. ఫేబీ సూది వైపు చూస్తూనే జవాబు చెప్పింది.

"అందరూ వెళ్ళిపోతే పాపకు భయం కాదా?"

ఆ తెల్లగౌనుకు రెక్కలు కుట్టకుండా వదిలేస్తే సరి, పండగ రోజు చర్చికి వేసుకుంటుందనుకుంది అబిగయీలు. వాన ఆగేసరికి ఒంటె కూర్చుంది, లేచింది, వంటింట్లోకి వెళ్ళి అవ్వ దగ్గర బెల్లంముక్క తిని వచ్చింది. ప్రమీలమ్మ ఈసారి గోడ మీద నుంచి చూసి ఒంటె అంది. టైటస్ ఆమెకు దండం పెట్టాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. గాబ్రియేలు దూత వచ్చింది, మాట చెప్పింది, స్టూలు దిగి వెళ్ళిపోయింది. గొర్రెల కాపరులు తువ్వాళ్ళు జారిపోతుంటే పట్టుకుంటూ వచ్చి వెళ్ళారు. జ్ఞానులు వచ్చారు. ముందు నడిచే జ్ఞాని, హెబ్రోను అనే పిల్లవాడు, ఒంటె తాడు పట్టుకుని స్టేజీ మధ్య దాకా బాగానే వచ్చాడు. జనాన్ని చూసి అక్కడే బిగుసుకుపోయాడు. నక్షత్రాన్ని చూపించి చెప్పాల్సిన మాట రాలేదు. పుష్పకుమారి తెర వెనక నుంచి అందించింది, అయినా రాలేదు. పిల్లవాడి కింది పెదవి వణకడం మొదలైంది.

ముందు వరసలో అబిగయీలు ముందుకు వంగి చూసింది. ఒంటె తల ఎత్తి హెబ్రోను వైపు చూసింది. తాడును తానే మెల్లగా లాగింది. పిల్లవాడు ఒక అడుగు వేశాడు. ఒంటె ఇంకోసారి లాగింది. అట్లా జ్ఞానిని వెంటబెట్టుకుని తొట్టి దాకా నడిపించుకుపోయి, ముందు కాళ్ళు మడిచి, తర్వాత వెనక కాళ్ళు మడిచి, తొట్టి పక్కన కూర్చుంది. జనమంతా నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో హెబ్రోనుకు మాట గుర్తొచ్చి గట్టిగా చెప్పేశాడు.

నాటకం అయిపోయింది. పిల్లలంతా కేకుల కోసం దిగి పరిగెత్తారు. ఒంటె మాత్రం లేవలేదు. పాస్టరుగారు ముగింపు ప్రార్థనకు వచ్చి, చూసి, దాన్ని కదపకుండా పక్కన నిలబడే ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాక ఒంటె తొట్టిలోకి తొంగి చూసి, పాప బొమ్మ మీద గుడ్డ సర్ది, అప్పుడు లేచింది. అబిగయీలు కళ్ళు తుడుచుకుంటుంటే, పక్కనున్న ఎవరో ఆ పిల్ల మీదేనా అని అడిగారు. మాదే అంది ఆమె. ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా ఇంకో ఇద్దరికి చెప్పింది.

ఫేబీ వేషం విప్పనంది. స్కూటరు మీద తండ్రి ముందు అట్లాగే నిలబడింది. అబిగయీలు వెనక కూర్చుంది; ముక్కు ముందు మూపురం ఊగుతుంటే టైటస్ తల పక్కకు పెట్టుకుని నడిపాడు. ముత్తుకూరు సెంటర్లో లారీ క్లీనరు ఒకడు కేక వేసి అందరికీ చూపించాడు. ఫేబీ హుందాగా తల ఊపింది. బజ్జీలబండి దగ్గరికి వచ్చేసరికి ఒంటెకు ఆకలేస్తోందని తండ్రి చెవిలో చెప్పింది.

బండి దగ్గరి గంగులయ్య జల్లిగరిటె పట్టుకుని కాసేపు చూశాడు. ఒంటె కారం తింటుందా అమ్మా అని అడిగాడు. అబిగయీలు, మిరపకాయవి వద్దు గంగులయ్యన్నా, అరటికాయవి వెయ్యి అంది. అతను వేడి బజ్జీలు కాగితంలో చుట్టి, ఎవరికివ్వాలో తెలియక ఒకసారి ముగ్గురినీ చూసి, వంగి ఒంటె నోటికే అందించాడు.