సోనుబాయి వేలిముద్ర

ఆగు బిడ్డా, అప్పుడే రాయకు, ముందుగాల ఇది పట్టుకొని చూడు అంటూ లస్మయ్య చేతిలోని రాయిముక్కను కూతురు కిష్టమ్మ చెంపకు ఆనించాడు, మిట్టమధ్యాహ్నం కూడా అది కుండలోని నీళ్ళలా చల్లగా ఉంది, రాయే, కానీ చూస్తే టేకు చెక్క, పైన పెచ్చులు లేచిన బెరడు, లోపల ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నని గీతలు, కట్టె రాయెట్లయితది అని నాలుగు నెలల కింద ఈ వాకిట్లోనే పదిమంది వింటుండగా తను అన్న మాట ఇప్పుడు నాలుక మీద ఇసుకలా తగులుతోంది, ఏం రాయాలె బాపూ అని కిష్టమ్మ అడుగుతోంది, వింతల పుస్తకం ఒడిలో తెరిచి ఉంది, ఆరేళ్ళ కింద సిరొంచలో మూడిళ్ళ మధ్య లస్మయ్య మొదలుపెట్టిన నోటుబుక్కు అది, ఒక్కో ఇల్లు ఎనిమిది రోజులు ఉంచుకుని తాము చూసిన వింత ఒకటి రాసి ముందుకు పంపాలి, రాయరానివాళ్ళు చెప్పి రాయించి వేలిముద్ర వేయాలి, పక్కన చూసిన సాక్షి ముద్ర ఉండాలి, అంకిసకు పాకింది, రేగుంటకు పాకింది, నాగేపల్లి దాటి అడవి ఇళ్ళకూ పాకింది, ఇప్పుడు నూరిళ్ళు, మూడు పుస్తకాలు, ఎండుచేపలమ్మే యాదక్క గంపలో ఎర్రబస్సెక్కి తిరుగుతాయి, పేజీ తిప్పితే చేపల వాసన, ఆ వాసనలోనే లస్మయ్య కళ్ళు మూసుకుని వింటాడు, ఒక కన్ను పచ్చ ఒక కన్ను నల్లనైన మేక, కలిసిన తర్వాత కూడా రెండు రంగులుగానే పారే నదులు, అక్షరమొక్కటి రాకపోయినా ఏది ఉండాలో ఏది కొట్టేయాలో ఆయన మాటే.

దేవయ్య వింతను ఆయనే కొట్టేయించాడు, నాగేపల్లి అవతల ఇప్పపూలు ఏరుకుని బతికే దేవయ్య, వాగులో పండుకున్న చెట్టు, ఇద్దరు చేతులు చాపినా అందనంత లావు, మొత్తం రాయి అని రాయించాడు, సాక్షి ముద్ర పెళ్ళాం సోనుబాయిది, ఆలుమగలది ఒక్కటే ముద్ర లెక్క, సాక్ష్యం చెల్లదు, ఎర్ర పెన్సిలు పెట్టి కొట్టు బిడ్డా అన్నాడు లస్మయ్య, ఆ ఎర్రగీత కింద ఊరూరా ఒక్కో ముక్క చేరింది, మీ రాతిచెట్టు పూలు రాలితే నెత్తులు పలుగుతయి పైలం అని ఒకరు, దాని కొమ్మతోటి దూలం పెట్టుకుంటే పోరుగాలికి బుగులుండదు అని ఒకరు, తిరిగి తిరిగి ఆ పుస్తకం దేవయ్య ఇంటికే చేరింది, చేరి ఆగిపోయింది.

పొద్దున యాదక్క గంప దించి పుస్తకం, రాయిముక్క అరుగు మీద పెట్టింది, బావా, నీ పుస్తకం నువ్వే ఉంచుకోమన్నడు దేవయ్య, ఆ దిక్కు ఇరవై ఇండ్లోళ్ళు ఇగ రాయరట, మరి ఈ రాయేందే అని లస్మయ్య అడిగాడు, సోనుబాయి పంపింది, వాగుల దిగి పలగ్గొట్టి తెచ్చింది, మోకాళ్ళు చెక్కుకపోయినయి, ఏమన్నది, ఏమంటది, ముసలోని చేతుల పెట్టు, చెవులతోటి నమ్మకుంటే చేతులతోటన్న నమ్ముతడు అన్నది, నువ్వు నవ్వలేదా యాదక్కా, నవ్విన బావా, నేను నవ్వితే బస్సుల్నే పోయింది, నువ్వు నవ్వింది పుస్తకంల ఉన్నది.

బస్సు పోయింది, దుమ్ము దిగింది, రాయి చేతిలోనే ఉంది, ఇది చెట్టుగా ఉన్నప్పుడు దీనిమీద ఏ పిట్ట వాలిందో, అప్పటికి గోదారి ఉన్నదో లేదో, నీళ్ళు ఒక్కో గీతలోకి ఎంత మెల్లగా ఇంకాయో, ఎవరూ చూడకుండా, ఎవరూ ముద్ర వేయకుండా, ఆ మెల్లదనంలో ఆయన కూడా మునుగుతున్నాడు, బొటనవేలు గీతల మీద దానంతటదే తిరుగుతోంది, వేలికీ ఇలాంటి గీతలే, సోనుబాయి వేలికీ, కిష్టమ్మా, కిషన్‌రావు పటేల్ రాసిన ఐదుకాళ్ళ దూడకు సాక్షి ఎవరే, ఆయన పెండ్లామే బాపూ, అది కొట్టేయించిన్నా, లేదు, నువ్వే మంచిగున్నది అన్నవు, ఔను, అన్నాడు, దూడనూ లస్మయ్య చూడలేదు, చెట్టునూ చూడలేదు, మరి దేన్ని చూశాడు, అరుగు మీద కూర్చున్న పటేల్‌ను చూశాడు, అడవి నుంచి వచ్చిన దేవయ్యను చూశాడు, చెట్టు మీద గీత పెట్టనేలేదు, మనిషి మీద పెట్టాడు.

ఇగ రాయి బిడ్డా, ఆ ఎర్రగీతను చెరపకు, నా తప్పు ఉండనీ, దాని పక్కకే రాయి, చెట్టు నిజం, సోనుబాయి ముద్ర నిండు సాక్ష్యం, లస్మయ్య చూసింది వింతను గాదు, చెప్పినోడు ఎవడని చూసిండు, రాయి తన చేతులకు తగిలినంక గాని ఒప్పుకోలేదు, ఇగ నా ముద్ర పెట్టించు, దాని కింద ఇది గూడ రాయి, ఈ పేజీ అందినోళ్ళు ఎవలైనా సరే దేవయ్య ఇంటికి పోయి చదువుండ్రి, సోనుబాయి పనిల ఉంటే ఆగుండ్రి, ఆమె వచ్చి కూసున్నంకనే మెల్లగ చదివి వినిపియ్యుండ్రి.