కిటికీ చట్రం

కార్ల కంపెనీలో డాక్టరేటున్న ఇంజనీరు రోస్విత మూడేళ్లుగా ఒక్క బద్దనే పట్టుకుని వేలాడుతోంది. ఇంజన్ లోపల టైమింగ్ చైన్ ఒరుసుకుంటూ పరిగెత్తే ప్లాస్టిక్ బద్ద అది. పాత బద్దతో, నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గర చైన్ పూనకం వచ్చినట్టు ఊగేది. ఆమె గీసిన కొత్త బద్ద పెట్టాక ఆ ఊపు సగానికి సగం తగ్గింది. మధ్యాహ్నం రెండింటికి పై అధికారి హేబర్లె సంతకం పెడితే, అది లక్షల కార్లలోకి ఎక్కుతుంది.

ఇక ఊరుకోవచ్చు కదా! తన గొప్ప కళ్లారా చూసుకోవాలనిపించింది. పొద్దున్నే టెస్ట్ గదికి వచ్చి, "ఓట్మర్ గారూ, ఒక్కసారి పాత బద్ద బిగించి తిప్పుదామా?" అంది.

"గెలిచిన కుస్తీ మళ్లీ పడతానంటావేం డాక్టరమ్మా?" అన్నాడు మెకానిక్ ఓట్మర్, ప్రెట్జెల్ రొట్టె నములుతూ. అంటూనే పనిలోకి దిగాడు.

పదకొండింటికి ఇంజన్ తిరిగింది. పాత బద్దతోనూ చైన్ ఊగలేదు. మూడుసార్లు తిప్పారు. అంతే.

రోస్విత వంగి ఇంజన్ మూత వంక చూసింది. కొత్త బద్ద బిగించిన రోజే, చైన్ కెమెరాకు కనబడాలని ఇంజన్ మూతకు కిటికీ కోశారు. దాని చుట్టూ ఉన్న ఇనుప చట్రం బొటనవేలంత మందం ఉంది.

"ఇంత మందమేంటండీ?"

"పల్చటి రేకు దొరకలేదు తల్లీ. మూల పడున్న దిమ్మ కోసి బిగించేశా."

ఆ దిమ్మే మూతను కదలకుండా పట్టింది. మూత కదలక చైన్ కుదురుగా ఉంది. ఆమె బద్ద చేసిందేమీ లేదు.

ఓట్మర్ గొంతు తగ్గించాడు. "మనిద్దరికే తెలుసు. నాకు మతిమరుపు కూడా ఎక్కువే."

అతని మంచితనానికి ఆమెకు కళ్లు చెమర్చాయి. దాదాపు ఒప్పుకుంది కూడా. కానీ అమ్మే కార్ల మూతలకు కిటికీలుండవు, చట్రాలూ ఉండవు. ఆ చైన్లన్నీ ఊగుతాయి.

రెండింటికి హేబర్లెకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిడతాడనుకుంది. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అంటే మూతనే కాస్త మందంగా పోత పోస్తే చాలన్నమాట! భేష్! ఇంతకీ ఆ చట్రం ఎవరి ఆలోచన?"

మూడేళ్ల బద్ద గురించి ఒక్క ముక్క లేదు. 

"ఓట్మర్ గారిది," అంది. అక్కడే రిపోర్టులో తన పేరు తీసేసి ఓట్మర్ పేరు టైపు చేసింది.

సంగతి విని ఓట్మర్ బెంబేలెత్తిపోయాడు. "నా పేరెందుకమ్మా? రేపు డ్రాయింగులు గీయమంటారు!"

"నేను గీసిపెడతాలెండి," అంది రోస్విత, పెన్సిలు తీసుకుంటూ. "మందం ఎంతో చెప్పండి."