సాంచలు ఆగిన ఐదు నిమిషాలు

“సప్పుడు చెయ్యకు తిరుపతీ! వాళ్లు ఇంటరు!”

తోటి నేతగాడు తిరుపతిని సాంచ కిందికి, ఆ మరమగ్గం కిందికి లాగి, నోరూ ముక్కూ కలిపి అరచేత్తో అదిమేశాడు రవీందర్. రెండో చేతిలో దారం కత్తిరించే కత్తెర. విడిపించబోయిన ఇద్దరికి అప్పటికే గాట్లు పడ్డాయి. తిరుపతి కాళ్లు గిలగిల కొట్టుకుంటున్నాయి.

జగిత్యాల కాలేజీలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పే పద్మజ, సిరిసిల్లలోని ఆ షెడ్డు గుమ్మంలోనే బిగుసుకుపోయింది. ఆమె విద్యార్థిని అనూష ప్రాక్టికల్‌కు ఎంచుకున్న కేసే రవీందర్. పన్నెండేళ్లు సరిహద్దులో చేసి వచ్చిన జవాను. అతన్ని చూసిపోదామనే ఇద్దరూ వచ్చారు.

“ఆర్నెల్ల సంది మంచిగనే నేస్తుండు మేడం,” అన్నాడు షెడ్డు యజమాని ఐలయ్య. “సాంచలు బంద్ చేసి ఐదు నిమిషాలు గాలే, గిట్లయిండు.”

సాంచ కింద రవీందర్ గొణుగుతున్నాడు. “తుపాకులు ఆగినయ్... ఆగినంకనే దుష్మన్లు అస్తరు. ఆగినంకనే మావోన్ని కోసిండ్రు.”

పద్మజకు అప్పుడు తట్టింది. ఈ మనిషిని భయపెట్టింది మోత కాదు, నిశ్శబ్దం!

“సాంచలు షురూ చెయ్యుండ్రి! అన్నీ!”

ఐలయ్య స్విచ్చుల మీదికి దూకాడు. ఒకటి, నాలుగు, పన్నెండు. షెడ్డు దడదడలాడింది. రవీందర్ వేళ్లు సడలాయి. తిరుపతి గుక్క తిప్పుకుంటూ బయటికి పాకాడు. రవీందర్ తన చేతులు చూసుకొని బావురుమన్నాడు.

సాంచలు ఆగాయని పరుగెత్తుకొచ్చిన అతని భార్య మాధవి ఐలయ్య చొక్కా పట్టుకుంది. “సేటూ, కోరుట్ల ఇడిసిపెట్టి గీడికచ్చిందే గీ మోత కోసం! సప్పుడు లేకుంటె కన్నంటుకోదాయనకు. ఎవలు ఆపుమన్నరు?”

ఐలయ్య జేబులోంచి కాగితం తీశాడు. “గీ అనూష బిడ్డ నిన్న ఇచ్చింది. రోజు పది నిమిషాలు ఆపుమని.”

పద్మజ కాగితం లాక్కుంది.

‘యుద్ధం చూసినవాడికి చప్పుడే శత్రువు. రోజూ కొంతసేపు నిశ్శబ్దం కల్పించాలి.’

అక్షరాలు అనూషవే. మాటలు కావు. పద్దెనిమిది బ్యాచ్‌లకు పద్మజ చెప్పి రాయించిన నోట్సు. ఆమెకు ఆమె సారు చెప్పాడు, ఆయనకు ఆయన సారు. ఇన్నేళ్లలో ఒక్కరూ ఒక్క జవానునూ అడగలేదు.

“మమ్ముల ఒక్క మాట అడిగితె ఏం పోతుండె?” మాధవి అనూష మీదికి వెళ్లింది. “తిరుపతి పానం పోతుండె గదనే!”

“తప్పు నాదే అక్కా...” అనూష పెదాలు కదిలాయి.

పద్మజ ఆ పిల్లను వెనక్కి లాగింది. సాంచల మోతను మించి అరిచింది.

“గా పిల్ల రాసింది, గంతే! ఆపుమన్నది నేను. పద్మజను!”