పదహారు పళ్ళు

ఈస్టర్ వెళ్ళిన మంగళవారం పొద్దున దనీలో కెమెరా మెడలో వేసుకుని శ్మశానానికి వెళ్ళాడు. చెల్లెలి సమాధిని ఒక్క ఫోటో తీసి ఉంచుకుందామని అతని ఆలోచన. శనివారం నాడు వాళ్ళమ్మ దాన్ని గీకి శుభ్రం చేయబోతోంది.

యుస్తీనా పోయి రెండు చలికాలాలు గడిచాయి. ఓస్టెర్ ఊరిది ఇసుక నేల. మట్టిదిబ్బ మీద మొదటి ఏడు ఏమీ మొలవలేదు. రెండో ఏడు నాచు మెల్లగా ఒక మూల నుంచి వచ్చి దిబ్బ మొత్తం కమ్ముకుంది. ఇప్పుడు దాని మీద వెంట్రుకలంత సన్నటి ఎర్రకాడలు లేచాయి. నిలబడి చూస్తే ఆకుపచ్చ దుప్పటికి తుప్పు మరకలు పడ్డట్టు ఉంది.

రాబోయే ఆదివారం ఊరంతా పోయినవాళ్ళ దగ్గరికి వస్తుంది. ఎర్రగుడ్లు, తీపిరొట్టె తెచ్చి సమాధుల మీద పెట్టి, పక్కనే బల్లల మీద కూర్చుని తింటారు. ఆ లోపల ఎవరి సమాధి వాళ్ళు కడుక్కోవాలి, కంచెకు రంగు వేసుకోవాలి, చుట్టూ తాజా ఇసుక పరవాలి. చేయనివాళ్ళ గురించి ఏడాది పొడుగునా చెప్పుకుంటారు.

“హన్నా మొగుడి సమాధి చూశావా? అద్దంలా మెరుస్తోంది,” అంది వాళ్ళమ్మ పరాస్కా, ముందురోజు ఇంట్లో. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. “తాగి తాగి పోయినవాడికి అంత వైభోగం! నా బిడ్డ వెయ్యిమందికి చదువు చెప్పింది. పాచి కింద పడుంది.”

“పాచి కాదమ్మా, నాచు.”

“నూతిగట్టు మీద ఉంటే గీకుతామా, లేదా?”

“రాయి వేయొద్దని అదే చెప్పింది కదా.”

“రాయి వేశానా? వేయలేదే! గీకొద్దని చెప్పిందా? చెప్పలేదు. ఇక నోరు మూసుకుని దోకుడుపారకు పదును పెట్టు.”

అరవై ఏళ్ళ దనీలో నోరు మూసుకుని దోకుడుపారకు పదును పెట్టాడు.

యుస్తీనా చివరి నెలలో అన్న మాట అతనికి గుర్తుంది. “నా మీద రాయి వేయకండి. అదే వస్తుంది,” అంది. ఏది వస్తుందని అడిగితే, “వచ్చాక చూద్దువుగాని అన్నయ్యా,” అంది. మందు వేసే వేళయింది. అతను ఇంకేమీ అడగలేదు.

ఇద్దరిదీ ఒకే బడి. అతను భూగోళం చెప్పేవాడు, ఆమె జీవశాస్త్రం. విరామం గంట కొట్టగానే, “అన్నయ్యా, ఒక్కసారి వచ్చి చూడు,” అని కబురు పెట్టేది. ఆమె బల్ల మీద సూక్ష్మదర్శిని, దాని కింద ఏదో ఒక నాచు ముక్క. అతను తర్వాత వస్తాననేవాడు. ముప్పై ఏళ్ళలో నాలుగుసార్లు వెళ్ళి ఉంటాడేమో. కన్ను సరిగ్గా ఆనించడం తెలియక నాలుగుసార్లూ తన కనురెప్పల వెంట్రుకలే చూసి, “బాగుంది,” అని చెప్పి వచ్చేశాడు.

ఇప్పుడు సమాధి ముందు నిలబడి కెమెరా పైకెత్తాడు. దాని సొంత లెన్స్‌లో కిందటేడు ఏటి ఒడ్డున ఇసుక దూరి బిగుసుకుపోయింది. అందుకని సంతలో లుక్యాన్ దగ్గర ఒక పాతకాలపు లెన్స్, దాన్ని తగిలించుకునే రింగూ కొన్నాడు. చిన్నది, బరువైనది, మెత్తగా తిరుగుతుంది. కాని తెరమీద ఏముంది? శిలువ లేదు, కంచె లేదు, పైన్ చెట్లు లేవు. అన్నీ పాలలో రంగులు ఒలికినట్టు కరిగిపోయాయి. రింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. పొగ పొగగానే ఉంది. మోసపోయానని తెలిసి చెవులు వేడెక్కాయి. కెమెరాను మెడకు వదిలేసి, గాలికి పడిపోయిన కొవ్వొత్తి ముక్కను తీయడానికి వంగాడు. అప్పుడు వెలిగే ఉన్న తెరలో ఒక ఎర్రకాడ సూదిలా, తేటగా కనబడి, మళ్ళీ మాయమైంది.

బుధవారం సంతకు వెళ్ళాడు. లుక్యాన్ ఒకప్పుడు అతని దగ్గర చదువుకున్నవాడే. మడతబల్ల మీద పాత కెమెరాలు పరుచుకుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటున్నాడు.

“నాకు గుడ్డి లెన్స్ అంటగట్టావురా.”

“గుడ్డిదెందుకు మాస్టారూ! దూరపుచూపు లేదు, అంతే. మా అత్తగారి లాంటిది. ఊళ్ళో ఏం జరిగినా కనబడదు, నా చొక్కా మీద మరక మాత్రం కనబడుతుంది.”

“శిలువ నుంచి నాలుగడుగుల దూరంలో నిలబడితే పొగ కనిపిస్తోంది నాకు.”

లుక్యాన్ నాలుక కరుచుకున్నాడు. బల్ల మీంచి ఒక పలుచటి పాత కెమెరా తీసి వెనక మూత తెరిచాడు. “నాదే తప్పు, చూసుకోలేదు. మీ లెన్స్ పుట్టింది ఈ కెమెరా కోసం. ఇందులో అద్దం లేదు. లెన్స్ వచ్చి ఫిల్ముకు దగ్గరగా కూర్చుంటుంది. మీ కెమెరాలో మధ్యన అద్దం ఊగాలి కదా! దానికి చోటివ్వడానికి లెన్స్‌ను వేలెడు వెడల్పు బయటికి తోసేస్తుంది. వెనకాల అంత ఎడం వస్తే ముందు దగ్గరివే కనిపిస్తాయి. మరచుట్టు కొలత రెండింటికీ ఒకటే. అందుకే మా నాన్న కూడా పొరబడ్డాడు. మా మేనత్త పెళ్ళంతా ఇలాగే తీశాడు.”

“ఒక్కటీ రాలేదా?”

“ఒక్కటొచ్చింది. పెళ్ళిరొట్టె మీద పిండితో చేసిన పిట్ట. ఎంత బాగా వచ్చిందో! నలభై ఏళ్ళుగా ఆ పిట్టే మా గోడ మీద ఉంది. అత్తను, మామను ఎవరూ చూడలేదు.” గింజల పొట్టు దులుపుకున్నాడు. “మార్చి ఇమ్మంటే మార్చి ఇస్తాను. లేదంటే ఇంకా చెడగొట్టి ఇస్తాను.”

“ఇంకా చెడగొట్టడమేమిటి?”

లుక్యాన్ డబ్బాలోంచి బోలుగా ఉన్న మూడు రింగులు ఏరి, లెన్స్‌కూ కెమెరాకూ మధ్యన ఒకదాని తర్వాత ఒకటి బిగించాడు. “ఇప్పుడు నాలుగు వేళ్ళ దూరంలో ఏముంటే అదే దీని లోకం. దాని అవతల ఏమీ లేదు. ఇంతకీ ఏం తీస్తున్నారు?”

“నాచు.”

లుక్యాన్ డబ్బా మూత మూశాడు. “యుస్తీనా టీచర్ దగ్గరిదా?” అని, జవాబు కోసం ఆగకుండా, “రింగులు ఉంచుకోండి మాస్టారూ,” అన్నాడు.

గురువారం పొద్దున చలిగా ఉంది. దనీలో పట్టా పరుచుకుని దిబ్బ పక్కన బోర్లా పడుకున్నాడు. కెమెరా కింద గింజలు నింపిన గుడ్డసంచి పెట్టి, తెరలోని బొమ్మను పదింతలు పెంచే మీట నొక్కాడు.

మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక కాడ చివర చిన్న కాయ దొరికింది. ఒక పక్కకు వంగిన కూజాలా ఉంది. మూత రాలిపోయింది. మూతి చుట్టూ ఎర్రటి పళ్ళు, ఎండలో గాజుముక్కల్లా, విచ్చుకుని నిలబడి ఉన్నాయి. కిందకు పోయేకొద్దీ రంగు చిక్కబడుతోంది. ఒక్కో పన్నూ మధ్యకు చీలి రెండు దారాలై పైకి లేచింది. ఎవరో కొలత పెట్టి కోసినట్టు ఎక్కడా ఎడం తప్పలేదు. లెక్కపెట్టాడు. పదహారు. ఇంకా బాగా చూద్దామని ముందుకు వంగాడు.

పళ్ళు లేవు. కూజా మూతి మూసుకుని ఉంది.

కెమెరా కదిలి వేరే కాయ మీదికి పోయిందేమో అనుకున్నాడు. సర్దబోయి, ఆగి, వేచి చూశాడు. కాసేపటికి ఒక పన్ను కదిలింది. తర్వాత దాని పక్కది. మళ్ళీ పదహారూ విచ్చుకున్నాయి. అతను వంగాడు. మూసుకున్నాయి. గాలి అనుకున్నాడు, గాలి లేదు. లెన్స్ దోషం అనుకున్నాడు. నాలుగోసారి వంగినప్పుడు తెర మసకబారింది. వేలితో తుడిస్తే వేలికి తడి అంటింది. అది అతని ఊపిరి.

మొహం పక్కకు తిప్పి ముప్పై లెక్కపెట్టాడు. పళ్ళు తెరుచుకున్నాక ఊపిరి బిగబట్టి వంగాడు. అవి కదలలేదు. అప్పుడు చాలా మెల్లగా, చలికి చేతులు వెచ్చచేసుకునేటట్టు, దాని మీదికి ఊపిరి వదిలాడు. పదహారు పళ్ళూ ఒక్కసారిగా లోపలికి వంగి మూతిని మూసేశాయి.

దనీలో పట్టా మీద అలాగే ఉండిపోయాడు. ఈసారి తెరుచుకున్నప్పుడు పళ్ళ మధ్య నుంచి పసుపచ్చని పొడి ఒక రవ్వంత పైకి లేచింది. కెమెరా పక్కకు జరిపాడు. అక్కడా ఒక కూజా, పదహారు పళ్ళు. ఇంకా జరిపాడు. అరచేయంత చోటులో వందలున్నాయి. దిబ్బ మొత్తం మీద ఎన్ని వేలో! మంచు కురిసిన ప్రతి తెల్లవారుజామునా మూసుకుని, ఎండ పొడ తగలగానే తెరుచుకుంటూ, ఎవరూ చూడకుండా, ఈ ఊరి కప్పుల మీద, గోడల మీద, తను బడికి నడిచిన ముప్పై ఏళ్ళ దారి పొడుగునా ఇవి ఉన్నాయి. సముద్రాల లోతులు, పర్వతాల ఎత్తులు అతను పిల్లల చేత వల్లె వేయించాడు.

“దానికి మన ఊపిరి తెలుస్తుంది అన్నయ్యా,” అని యుస్తీనా ఒకసారి భోజనం దగ్గర అంది. పిల్లల కోసం తయారుచేసుకున్న మాట అనుకున్నాడు. ఉప్పు ఇటు అందివ్వమన్నాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. నలభై ఫోటోలు తీశాడు. ఇంటికి వచ్చి చూసుకుంటే అన్నీ తేటగా ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు. ఫోటోలో అవి కదలవు. అమ్మ చూసి, బాగా వచ్చింది అని, దోకుడుపార అందుకుంటుంది.

శనివారం పరాస్కా బాల్చీతో, పారతో శ్మశానానికి వచ్చేసరికి దనీలో అన్నీ సిద్ధం చేసి ఉన్నాడు. కెమెరాకు వైరు తగిలించి బడి నుంచి తెచ్చిన లాప్‌టాప్‌కు కలిపాడు. దాన్ని దిబ్బ పక్కన గడ్డి మీద, మోకాళ్ళ మీద కూర్చున్న మనిషికి కనబడేటట్టు పెట్టాడు.

“అమ్మా, ముందు ఇది చూడు.”

“నా కళ్ళకు కొడుకే సరిగా కనబడడు. ఏం చూడమంటావు?”

“ఒక్కసారి.”

పరాస్కా అతని వైపు ఒక చూపు చూసి, పార పక్కన పెట్టి, కొడుకు భుజం పట్టుకుని నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుంది. “ఏమిటిది? ఎండ్రకాయ నోరా?”

“లెన్స్ ముందు ఆ ఎర్రకాడ ఉంది చూడు, దాని చివర. ఊదకు. మెల్లగా దాని మీదికి ఊపిరి వదులు.”

ఆమె వదిలింది. తెరమీద పళ్ళు లోపలికి వంగాయి. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది.

“ఒరేయ్, మూసుకుందిరా! నేనేమీ చేయలేదు.”

“నువ్వే చేశావు. ఉండు, తెరుచుకుంటుంది.”

తెరుచుకుంది. ఆమె శిలువ గుర్తు వేసుకుని మళ్ళీ ఊపిరి వదిలింది. మళ్ళీ ఆగింది. నాలుగోసారి ఇంకో కాయ చూపించమంది.

“దీనికి తెలుస్తోందా?”

“తడి తెలుస్తుంది. నీ ఊపిరిలో తడి ఉంది.”

“ఇది మన యుస్తీనాకు తెలుసా?”

“ముప్పై ఏళ్ళుగా తెలుసు.”

“నాకెందుకు చెప్పలేదు?” అని, మళ్ళీ తనే అంది. “చెప్పే ఉంటుంది. నేను గిన్నెలు తోముకుంటూ ఉండి ఉంటాను.”

దనీలో కెమెరాను ఇంకో కాయ మీదికి జరిపాడు.

బాల్చీలో తెచ్చిన నూతినీళ్ళ మీద పైన్ పుప్పొడి పచ్చగా తేలింది. చివరికి పరాస్కా లేచి నిలబడింది. దోకుడుపార చేతిలోకి తీసుకుంది. దనీలో కెమెరాను ఒడిలోకి లాక్కుని చూస్తూ ఉన్నాడు. ఆమె దిబ్బ చుట్టూ నడిచి, అంచు వెంబడి గడ్డిని తిన్నగా గీసింది. దారి శుభ్రం చేసింది. తర్వాత పార కంచెకు చేరేసి, నాచు మీద రాలిన పైన్ ఆకులను బిడ్డ తలలో పేలు ఏరినట్టు ఒక్కొక్కటే చేత్తో ఏరింది. ఏరుతున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకునే ఉంది.

ఆదివారం హన్నా ఎర్రగుడ్డు పట్టుకుని వచ్చింది. “క్రీస్తు లేచాడు,” అంది. “నిజంగా లేచాడు,” అంది పరాస్కా.

“పాపం, ఓపిక చాలలేదా? చెబితే మా కోడలిని పంపేదాన్ని కదా! పాచి అలాగే ఉంది.”

“శుభ్రంగానే ఉంది. గుడ్డు ఆ అంచున పెట్టు. మరీ మీదికి వంగకు.”

“ఏం, వంగితే?”

“నోళ్ళు మూసుకుంటాయి.”

హన్నా దనీలో వైపు చూసింది. ముసలావిడకు మతి తప్పిందా అని ఆ చూపు అడిగింది. దనీలో సంచిలోంచి కెమెరా తీశాడు.

“వైరు తగిలించరా,” అంది పరాస్కా. “నువ్వు కూర్చోవే హన్నా. మోకాళ్ళ మీద కూర్చో, బల్ల మీద కాదు. ఊపిరి బిగబట్టు. ఇంకా. అదిగో, ఆ ఎర్రవి కనబడ్డాయా? ఇప్పుడు వదులు.”